సారు పెరట్లోని నీలం డ్రమ్ము

మా సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఫ్యాక్టరీ మురుగునీటి ట్యాంకు గట్టు మీద నిలబడి నురగ చూస్తున్నాను. ఆయనే పక్కనుంటే "ముందుగాల నురగ జూడు బిడ్డా, ఏడ్సుడు తర్వాత" అనేవారు. చూశాను. మంచి నురగే, లోపలి బ్యాక్టీరియా బతికే ఉన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చాను.

మెదక్ జూనియర్ కాలేజీలో ఆయన మాకు బాటనీ చెప్పారు. పాఠం సగంలో ఉత్సాహం పట్టలేక సుద్దముక్క జేబులో వేసుకుని, "నడువుండ్రి" అంటూ మమ్మల్ని కాలేజీ వెనక మురుగు మోరీ దగ్గరికి తోలుకుపోయేవారు. "వాసనొస్తుందంటే ఆడ ఎవలో బువ్వ తింటున్నరన్నట్టు" అనేవారు, కంటికి కనబడని సూక్ష్మజీవుల గురించి. మేం ముక్కులు మూసుకుని నవ్వేవాళ్లం. ఆయన మాత్రం పెళ్లిచూపులకు వచ్చినవాడిలా వంగి వంగి చూసేవారు.

డిగ్రీ అయ్యాక నాకు చేగుంట దగ్గర హైవే పక్కన ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో కెమిస్టు ఉద్యోగం దొరికింది. రాష్ట్రం కోసం కొట్లాట ఊరూరా నడుస్తున్న రోజులు. మా నీళ్లు ఫినాల్ అనే విష రసాయనంతో ఎర్రగా పక్క ఊరి వాగులో కలిసేవి. బర్రెలు మూతి పెట్టేవి కావు. ఊరివాళ్లు గేటు ముందు కూర్చుని, దసరాలోగా నీళ్లు మారకపోతే తాళమేస్తామన్నారు. వాళ్ల వాగు అప్పటికే పోయింది, ఇక నా ఉద్యోగమూ పోతుంది. నేను పరుగెత్తింది సారు దగ్గరికే.

ఆయన వచ్చి, మా నీళ్లు పడే గొట్టం కింది బురద డబ్బాలోకి తోడుకుని, ఎండలో పెట్టి, బుడగలు లేవడం చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"గీ బురదల బ్యాక్టీరియా ఇన్నేండ్ల సంది గీ విషం మీదనే బతుకుతున్నయంటే, దాన్ని తినుడు నేర్సినయన్నట్టే గద! కొత్తయి ఎందుకు దేవాలె?"

ఆ బురదను ఇంటికి తీసుకెళ్లి నీలం డ్రమ్ములో వేశారు. బెల్లం నీళ్లు, చేపల తొట్టికి పెట్టే చిన్న గాలి మోటారు, వాటితోపాటు రోజూ కాస్త మా పాడు నీళ్లు. ఇవాళ చెంచాడు, రేపు రెండు, పిల్లలకు కారం అలవాటు చేసినట్టు. ఆ బ్యాక్టీరియాను మా ట్యాంకులో కలిపిన కొన్ని వారాలకు నీళ్ల ఎరుపు విరిగింది. ఫినాల్ పరీక్షలో పడిపోయిన అంకె చూసి ల్యాబులో నేను వేసిన కేకకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు!

అంత చక్కని పనిని నా చేత్తోనే పాడు చేశాను. తనిఖీకి అధికారులు వస్తున్నారన్నారు. పెద్దవాళ్లు వస్తున్నారంటే మనవైపు చేసే మొదటి పని ఏమిటి? దారి పొడుగునా బ్లీచింగ్ పౌడరు చల్లడం. నేనూ చల్లించాను. ట్యాంకు వాసనొస్తోందని అందులోకి కూడా రెండు బస్తాలు దగ్గరుండి కుమ్మరించాను. వాసన పోయింది, అధికారులు మెచ్చుకున్నారు. మూడో రోజుకు నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. బాటనీ చదివిన దాన్ని, బ్లీచింగ్ దేన్ని చంపుతుందో ఆలోచించలేదు. నా తెలివి తగలెయ్య!

నీళ్లు బయటికి వదలకుండా ఆపించి, ఏడుస్తూ సారింటికి వెళ్లి చెప్పాను.

"కోట్ల మందిని సంపినవ్ గద బిడ్డా," అన్నారు. తిట్టలేదు. చెయ్యి పట్టి పెరట్లోకి తీసుకెళ్లారు. అక్కడ నీలం డ్రమ్ము ఇంకా గుడగుడమంటోంది.

"విత్తనం మొత్తం ఎవలన్న సల్లుతరా? జర ఇంట్ల ఉంచుకోవాలె."

మర్నాడే ట్రాలీ ఆటోలో డ్రమ్ము, దాని మోటారుకు ఒక బ్యాటరీ, పక్కన మేమిద్దరం. రామాయంపేటలో రాస్తారోకో. కుర్రాళ్లు అడ్డం నిలబడ్డారు.

"పాలు, మందులు తప్ప ఏదీ పోనియ్యం సార్. డ్రమ్ముల ఏమున్నది?"

సారు మూత తీశారు. ముందున్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి పోయారు.

"కోట్ల జీవులున్నయి బిడ్డా. గాలి ఆగొద్దు, ఆగితె సస్తయి. వాగు నీళ్లు కడగనీకి పోతున్నయి. మనం కొట్లాడేది నీళ్ల కోసమే గద? ఆ నీళ్లు గూడ మనయే."

కుర్రాళ్లు ముక్కులు మూసుకుని తొంగి చూశారు. తర్వాత ఒకడు "జై తెలంగాణ" అన్నాడు. అంతే, పదిమంది కలిసి ఆటోను గుంపులోంచి తోసుకుంటూ దాటించారు. సారు డ్రమ్మును కావలించుకుని అందరికంటే గట్టిగా అరిచారు. నాకు ఒళ్లు పులకరించింది. ఇప్పుడు రాస్తున్నా అంతే.

డ్రమ్ము అడుగున కాస్త విత్తనం ఉంచి మిగతాది ట్యాంకులో కలిపాం, నీళ్ల ఎరుపు మళ్లీ విరిగింది. దసరాకు రెండు రోజుల ముందు ఒక పెద్దాయన తన బర్రెను వాగులోకి తోలాడు. అది వాసన చూసింది, ఆగింది, మూతి పెట్టింది. సారు చెప్పులతోనే నీళ్లలోకి దూకారు. గేటుకు తాళం పడలేదు.

ఏళ్ల తర్వాత, సారు పోయారని ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం, దహనం అంతా అయ్యాక, సారు భార్య నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. డ్రమ్ము గుడగుడమంటూనే ఉంది.

"ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే బిడ్డా. డ్రమ్ముల గవిటికి మాత్రం పొద్దున్నే బెల్లం నీళ్లు పోసిన. ఆయనుంటే ముందుగాల గదే అడుగుతుండె."

అంతలో కరెంటు పోయింది. మోటారు ఆగింది. ఆమె గోడకు ఆనించిన కట్టె తీసుకుని, గాలి తగిలేలా నీళ్లను గిరగిరా కలపసాగింది. ఆమెకు చెయ్యి నొప్పి పుట్టగానే కట్టె నేనందుకున్నాను. కరెంటు వచ్చేదాకా చేతులు మార్చుకుంటూ కలుపుతూనే ఉన్నాం.