మా మేడ మీద ఇన్‌స్పెక్షన్

రైల్వే ఉద్యోగాలకని వచ్చి ఈ బెంగాలీ ఊళ్లో స్థిరపడ్డ తెలుగువాళ్ల పేట మా నిమ్‌పురా. ఇక్కడ పని అంటే డ్యూటీ. డ్యూటీ అంటే ఇల్లు వదిలి వెళ్లాలి, క్యారియర్ పట్టుకెళ్లాలి, ఒళ్లంతా గ్రీజు వాసనతో తిరిగి రావాలి. నేను ఇవేవీ చెయ్యను కనక నిమ్‌పురా మొత్తానికీ ఖాళీ మనిషిని నేనే. ఎవరి గ్యాస్ బండ వచ్చినా నేనే దింపించుకోవాలి. ఎవరికి విశాఖపట్నం టికెట్టు కావాలన్నా పొద్దున్నే మా గుమ్మంలో నిలబడతారు.

"నువ్వు ఇంటికాడే ఉంటావు గదేటే, ఆ కంప్యూటరు ఎలాగూ తెరిసే ఉంటాది" అంటుంది పక్కింటి పిన్ని. ఆ మాటలో కొంచెం జాలి కూడా ఉంటుంది. నాకు ఒళ్లు మండేది దానికే.

ఎవరి దగ్గరా జీతానికి చేరకుండా సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతాను. బజారులో మనవాళ్ల దుకాణాలకి బిల్లులు వేసే ప్రోగ్రాములు చాలావరకు నావే. బిల్లు పడ్డప్పుడల్లా తెర మీద లక్ష్మీదేవి చేతిలోంచి కాసులు రాలాలన్నాడు ఒక కిరాణా షావుకారు. రాల్చాను. కాసులు ఇంకొంచెం లావుగా ఉండాలన్నాడు. లావు చేశాను. నా కళకి ఊళ్లో ఉన్న గిరాకీ అంతే.

హిజ్లీ వైపు, పెద్ద ఇంజనీరింగు కాలేజీ పక్కన, ఒక టీ కొట్టు పైగదిలో కళనీ టెక్నాలజీనీ కలిపి మాట్లాడుకునే కుర్రాళ్ల గుంపు ఒకటి చేరేది. సైకిలేసుకుని వెళ్లాను. ఏ హాస్టల్ అని అడిగారు. ఊళ్లోదాన్నే అన్నాను. ఆ తరువాత నాతో ఎవరూ మాట్లాడలేదు. వాళ్లు చూపించిన గొప్ప సృష్టి ఏమిటంటే, చప్పట్లు కొడితే రంగు మారే బల్బు. దానికొక ఉపన్యాసం, ఆ ఉపన్యాసానికి మళ్లీ చప్పట్లు, బల్బు ఆ చప్పట్లకీ రంగు మారడం. అటు వీళ్లు, ఇటు మావాళ్లు. నాకు ఎవరి మీదా గౌరవం లేదు, లేదన్న సంగతి దాచుకోనూ లేదు.

నాకోసం నేను చేసుకున్నది ఒకటుంది. మా మేడ పిట్టగోడకి నాలుగు మూలలా మైకులు కట్టాను. వానకి తడవకుండా వాటి మీద ప్లాస్టిక్ మగ్గులు బోర్లించాను. యార్డులో వ్యాగన్లు గుద్దుకున్నా, ఇంజను కూత పెట్టినా, పిన్ని పోపు వేసినా, ఆ చప్పుడు వైరు వెంట కిందికొచ్చి నా తెర మీద గీత అవుతుంది. పెద్ద చప్పుడుకి లావు గీత, చిన్న చప్పుడుకి వెంట్రుకంత గీత. సాయంత్రమయ్యేసరికి తెరంతా ఆనాటి నిమ్‌పురా బొమ్మ. అందులో రికార్డింగు ఒక్కటీ లేదు, అప్పుడు వినిపించిందే బొమ్మ. నా దృష్టిలో నా పని అదే. మిగతాదంతా కాసులు రాల్చడం.

ఒక పెద్ద నగరంలోని ఆర్ట్ గ్యాలరీకి దీని గురించి రాశాను. వాళ్ల కొత్త హాల్లో ఒక గోడంతా దీనికి ఇవ్వాలా వద్దా అన్నది వీడియో కాల్‌లో చూసి తేలుస్తామన్నారు. ఆ గోడ దొరికితే షావుకార్లకి ఒక దణ్ణం పెట్టి ఇలాంటివే చేసుకుంటూ బతకొచ్చు. అంత ఆశ నాకు అంతకుముందు దేని మీదా లేదు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నేను చేసేదాన్ని ఆయన "టైంపాసు" అంటారు. రేపు పొద్దున్న పెద్దవాళ్లు నా పని చూస్తారు, నన్ను కదిలించకండి అని ఇంట్లో చెప్పాను.

"అంటే ఇన్‌స్పెక్షనా?" అన్నారు.

"అలాగే అనుకో నాన్నా" అన్నాను. ఆయనకి విడమర్చి చెప్పడం దండగ అనిపించింది.

రైల్వేలో ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెప్పాలి. పెద్దాఫీసరు వస్తున్నాడంటే దారి పక్క రాళ్లకి కూడా సున్నం వేస్తారు. తుక్కు, పనిముట్లు, వేలాడే వైర్లు, వీధికుక్కలు, అన్నీ మాయమవుతాయి. పని ఆపేసి, పని బ్రహ్మాండంగా జరుగుతోందని చూపించడం అన్నమాట. సర్వీసంతా మా నాన్న నమ్మకంగా చేసిన పనుల్లో ఇదొకటి.

మర్నాడు పొద్దున్నే చూసుకున్నాను. గీతలు చక్కగా పడుతున్నాయి. స్నానం చేసి, టిఫిను తిని, జుట్టు సవరించుకుని, బొమ్మ వాళ్ల కళ్ల ముందే మొదలవ్వాలని పొద్దుటి గీతలు చెరిపేసి కాల్ కలిపాను. గ్యాలరీవాళ్లు ముగ్గురు కనిపించారు. నా తెర వాళ్లకి చూపించాను. నల్లగా ఉంది. కిటికీలోంచి వ్యాగన్ల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది, తెరకే వినబడటం లేదు.

"మొదలైందా?" అని ఒకావిడ మర్యాదగా అడిగింది. ఒక్క నిమిషమని చెప్పి మేడ మీదికి పరుగెత్తాను.

పిట్టగోడంతా తడి సున్నం. మైకులు లేవు, మగ్గులు లేవు. వైర్లు ముక్కలుగా కోసి, చుట్టలు చుట్టి, ఒక మూల వరసగా పేర్చి ఉన్నాయి. నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిలబడ్డారు. పక్కన చీపురుతో పిన్ని.

"అన్నీ తీసీసినాను" అన్నారు నాన్న. "ఆ మగ్గులూ, ఏలాడే వైర్లూ సూత్తే ఏటనుకుంటారు? పేటంతా సెప్పినాను, ఈ పూట మా అమ్మాయికి ఇన్‌స్పెక్షన్, గోల సెయ్యకండని. ఎదురింటి బెంగాలీ దాదా సేత రేడియో కూడా ఆపించీసినాను."

వీళ్లంత మూర్ఖులు భూమ్మీద ఉండరనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. ఇన్నాళ్లూ నన్ను పనిలేనిదానికింద జమకట్టినప్పుడు నా పని నిక్షేపంగా ఉంది. ఉద్యోగమని నమ్మిన మొదటి పూటే దాని పీక కోశారు.

కిందికొచ్చి ఏదో ఇబ్బంది వచ్చిందన్నాను. పర్వాలేదు, మళ్లీ చెబుతామన్నారు. అంత మెత్తగా అన్నప్పుడే నాకు అర్థమైపోయింది. ఆ గోడ వేరేవాళ్లకి ఇచ్చారని తరువాత తెలిసింది.

నాన్న గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్నారు. "ఏటన్నారు ఆఫీసరు సాయెబులు?"

"నువ్వు కోసేసిందే నా పని నాన్నా. వాళ్లు చూడ్డానికొచ్చింది దాన్నే."

ఆయన సున్నం అంటిన చేతులు తువ్వాలుకి తుడుచుకున్నారు. ఇంత చిన్నగా మాట్లాడగలరని నాకు తెలియదు.

"పక్కగదిలోనే ఉంటాను గదమ్మా. ఒక్కపాలైనా పిలిసి సూపించినావేటి?"

చూపిస్తే అర్థమయ్యే మొహమేనా అనుకునే పిలవలేదు. ఆ మాటే అనేద్దామని నోరు తెరిచాను. ఆ మొహం చూస్తూ అనలేకపోయాను.