రాహేలు వెతికిన దారి

ఈస్టరు తరువాతి సోమవారం పొద్దున ఆరున్నరకు నేనూ ఎస్తేరూ విరుదునగర్ స్టేషనులో కోవిల్‌పట్టికి రెండు టికెట్లు తీసుకున్నాం. మా స్నేహితురాలు రాహేలును చూడడానికి బయలుదేరాం. ఆమె చనిపోయి అప్పటికి పన్నెండు రోజులయింది. ఆ సంగతి మాకు తెలియదు.

నేను విరుదునగర్‌లో మా సంఘానికి, ఇళ్ళకు వెళ్ళి వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా పని చేస్తున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, గుడిలో అరవం పాడతాం. మాలో తెలుగు చదవడం, వ్రాయడం వచ్చినవాళ్ళు తక్కువ. నాకు వచ్చిందంటే పెళ్ళి కాకముందు నెల్లూరు వైపు ఒక బైబిలు పాఠశాలలో రెండేళ్ళు ఉన్నందువల్ల. అక్కడ నాతో చదివిన సహోదరీలు వచ్చే ఏడాది ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలంలో తామూ మాలాగే ఖర్చు మానేసి ఉండాలనుకుంటున్నామని, ఎలా చేశారో వ్రాయమని అడిగారు. వ్రాస్తున్నాను. ఈ ప్రయాణం గురించి వ్రాయకుండా ఆ నలభై రోజుల గురించి నేను వ్రాయలేను.

మేం ముగ్గురం చాలా ఏళ్ళు ఒకే పప్పుమిల్లులో పప్పు చెరిగాం. రాహేలు పెళ్ళి చేసుకోలేదు. మిల్లులో ఆమె పని పోయాక కోవిల్‌పట్టిలో తమ్ముడి ఇంటికి వెళ్ళి, అగ్గిపెట్టెలు కట్టలు కట్టే పనిలో చేరింది. ఎస్తేరుకు సొంత ఫోను లేదు. కనుక మా ఇద్దరికీ రాహేలు కబురు నా ఫోనులోనే వచ్చేది.

శ్రమకాలానికి ముందు స్త్రీల కూటానికి రాహేలు కూడా వచ్చింది. ఆ రోజు వాక్యం చెప్పింది నేనే. మనకు అవసరం లేనివి ఎన్ని కొంటున్నామో చెప్పి, చివర, "నలభై రోజులు ఏమీ కొనకుండా ఉండగలమా?" అని అడిగాను. కూటం అయ్యాక వీళ్ళిద్దరూ నా దగ్గరికి వచ్చారు.

"నేను ఉంటాను కరుణక్కా," అంది రాహేలు. "ఈ ఎస్తేరే ఉండలేదు. సాయంత్రం పరోటా లేకపోతే దీనికి కాళ్ళు ఆడవు."

"వాసన చూడొచ్చునా అక్కా?" అంది ఎస్తేరు. "వాసనకు దుడ్డు అడగరు గదా."

అక్కడే నియమాలు పెట్టుకున్నాం. ఇంట్లో ఉన్న బియ్యం, పప్పు వండుకోవడమే. అంగడి టీ లేదు, పూలు లేవు, బట్టలు లేవు, ఆటో లేదు. ఫోను గడువు అయిపోతే మళ్ళీ డబ్బు కట్టేది లేదు. రోజూ వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టాలి. ఇది మా అమ్మల కాలం నుంచీ ఉన్న అలవాటే. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తెచ్చి పోస్తాం. ఊరు దాటే ప్రయాణం వద్దు అన్నది మాత్రం పూర్తిగా నా మాట. తిరుగుడు మానితే సగం ఖర్చు పోతుందని చెప్పాను. ఈస్టరు మరుసటి సోమవారం మేమిద్దరం కోవిల్‌పట్టి వెళ్ళి ముగ్గురం కలిసి అన్నం తినాలని రాహేలు కోరింది. సరేనన్నాం.

ఆ సోమవారం ఎస్తేరు చేతిలో వేడి పోయిన పొట్లం ఒకటి ఉంది. ఆదివారం సాయంత్రమే నూనెలో కరకరలాడేలా వేయించే మా ఊరి నూనె పరోటాలు కట్టించింది. ఆదివారం నాడు నేనేమీ కొననని ఆమెకు తెలుసు. "ఒక్క రాత్రి ఆగలేకపోయావా?" అంటే, "నా కోసం కాదక్కా, రాహేలుకు. అక్కడి పరోటా మెత్తగా ఉంటుందని ఏడ్చేది," అంది.

ఏడుం పావుకు ప్యాసింజరు కదిలింది. ఆ వేళప్పుడు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మీరు వస్తే తూర్పు కిటికీ వద్దు, ఎండ కళ్ళలో కొడుతుంది. ఊరు దాటగానే నల్లరేగడి, పత్తి కోసేసిన మోళ్ళు, అక్కడక్కడ తుమ్మ. మా ఎదురుగా ఒక పెద్దామె, కోవిల్‌పట్టిలో మనవరాలి చెవులు కుట్టించడానికి పోతోంది. మా మాట విని ముఖం విప్పారింది.

"మీరూ మన మాటే మాట్లాడుతుండారే. ఏ ఊరు?"

చెప్పాం. ఆమె పొట్లం వైపు చూసి, "ఏమమ్మా, కోవిల్‌పట్టిలో పరోటా పుట్టదా?" అంది.

"ఇది వట్టి పరోటా కాదు అవ్వా," అంది ఎస్తేరు. "నలభై రోజులు ఉపవాసం ఉండి వస్తుండాది."

సంగతంతా చెప్పాక పెద్దామె నవ్వు ఆపుకోలేకపోయింది. మాకూ నవ్వు వచ్చింది. సాత్తూరులో బండి ఆగినప్పుడు కిటికీ దగ్గరికి లేత దోసకాయలు వచ్చాయి. నిలువునా చీల్చి కారం, ఉప్పు రాసి ఇస్తారు. నలభై రోజుల తరువాత నేను కొన్న మొదటి తిండి అదే. మూడు కొన్నాను. ఒకటి రాహేలుకని ఆకులో చుట్టి సంచిలో పెట్టాను.

ఆ దోసకాయ తింటూ నేనొక మాట తలచుకోకపోలేదు. శ్రమకాలం నాలుగో ఆదివారం మధ్యాహ్నం రాహేలు ఫోను చేసింది.

"అక్కా, ఒకసారి వచ్చిపోగూడదా?"

"ఏమయింది?"

"ఏమీ లేదు. చుమ్మా. చూడాలని ఉండాది."

చుమ్మా అంటే ఊరికే. అరవంలోని ఈ మాట మా నోట ఎప్పుడూ ఉంటుంది. నేను ఆ మాటనే పట్టుకున్నాను. ఊరికే అయితే నియమం ఎందుకు తప్పాలి? "ఇంకా ఇరవై రెండు రోజులే రాహేలూ. ఇంత దూరం వచ్చాక వెనక్కి చూడగూడదు," అన్నాను. ఆమె నవ్వి, "సరి అక్కా. నేనూ తప్పను," అంది. ఆ వారంలోనే నా ఫోను గడువు ముగిసింది. దాన్ని పెట్టెలో పెట్టేశాను. ఆ నిశ్శబ్దం ప్రార్థనకు బాగుందని ఎస్తేరుతో కూడా అన్నాను.

ఎనిమిదిన్నరకు కోవిల్‌పట్టిలో దిగాం. స్టేషను నుంచి రాహేలు ఉండే వీధికి నడిచి ఇరవై నిమిషాలు. దారిలో వేరుశనగ మిఠాయి అంగళ్ళలో బెల్లం పాకం వాసన. వీధి మొదట్లోనే అగ్గిపుల్లల మందు వాసన తగులుతుంది. ఇల్లు రెండు గదులు. తలుపు తీసి ఉంది. రాహేలు తమ్ముడి భార్య జయ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. చేట ఆమె చేతిలోనే ఉంది.

"రాండి అక్కా," అంది. "మీరు ఈ పొద్దు వస్తారని వదిన చెప్పినాది."

"వదిన ఏదీ, పనికి పోయిందా?" అంది ఎస్తేరు, పొట్లం ముందుకు చాపి.

జయ మా వెనక వీధిలోకి చూసింది. మాకు తెలియదని అప్పుడు ఆమెకు అర్థమయింది.

మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఒక్కొక్క మాటా చెప్పింది. శ్రమకాలానికి ముందు నుంచే రాహేలుకు గుండెలో నొప్పి. పెద్దాసుపత్రిలో చూసి మాత్రలిచ్చారు. అవి వేసుకుంటూనే ఉంది. పన్నెండు రోజుల కిందట బుధవారం తెల్లవారి లేచి ముఖం కడుక్కుని, మళ్ళీ పడుకుంటానంది. లేవలేదు.

"ఆయన మీ నంబరుకు ఎన్నితూర్లు చేసినారో. ఉపయోగంలో లేదు, ఉపయోగంలో లేదు అనే చెప్పింది. మీ గుడి ఏదో మాకు తెలియదు. విరుదునగర్‌లో ఎన్ని గుళ్ళు అక్కా."

"నాకు ముందే చెప్పి ఉండొచ్చు కదా, నొప్పి అని," అన్నాను. అడుగుతున్నప్పుడే దాని జవాబు నాకు తెలుసు.

"నేను చెప్పినాను, ఇంకోసారి ఫోను చెయ్యి వదినా అని. వద్దనింది. నొప్పి అంటే అక్క వచ్చేస్తుంది, అక్క మాట తప్పిపోతుంది అనింది."

ఎస్తేరు గోడకు తిరిగి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. నాకు ఒక్కటే తెలియాలి. జయను అడిగాను. "నేను రానన్నానని బాధపడిందా?"

జయ లోపలికి పోయి రాహేలు బైబిలు తెచ్చింది. అందులో నుంచి రెండు చిన్న బస్సు చీటీలు తీసి నా చేతిలో పెట్టింది. ఆడవాళ్ళకు టౌను బస్సుల్లో ఇచ్చే ఉచిత చీటీలు. వాటి మీద ధర దగ్గర సున్నా ఉంటుంది.

"మీతో మాట్లాడిన వారం శనివారం నాడు బయలుదేరింది. దుడ్డు పెట్టి పెద్ద బస్సు ఎక్కితే మాట తప్పినట్టు అనింది. పల్లెల్లో తిరిగే బస్సులు ఎక్కి మారుకుంటా పోతే విరుదునగర్ దాకా ఒక్క కాసు అక్కరలేదంట. నలుగురిని అడిగి ఏ బస్సు, ఎక్కడ మారాలి, అంతా కనుక్కుంది. సాత్తూరు దాకా పోయింది. ఆడ బస్టాండులో తల తిరిగి కూచుండిపోయినాది. ఎవరో దోసకాయలమ్మే ఆమె నీళ్ళిచ్చినాదంట. మళ్ళీ అట్లే తిరిగి వచ్చేసింది. 'అక్కే వస్తుందిలే, ఈస్టరు అయితానే,' అనింది."

చీటీ ఒకటి పోయినప్పటిది, ఒకటి తిరిగి వచ్చినప్పటిది; మధ్యలో మారిన బస్సులవి ఆమె దాచలేదు.

పదకొండింటికి జయ పొయ్యి వెలిగించింది. మేం వద్దంటే వినలేదు. రాహేలు పిడికెడు పిడికెడు తీసిన బియ్యం ఒక డబ్బాలో ఉంది. ఆమె దాన్ని ఆదివారాలు గుడికి ఇవ్వలేదు, ఈ ఒక్కసారికి మా ముగ్గురి భోజనానికని దాచింది. జయ గడపలో ఏరుతున్నది ఆ బియ్యమే. చారు, వంకాయ కూర చేసింది. ఆకుల ముందు కూర్చుని నేను ప్రార్థన చేయబోయాను. ఇరవై ఏళ్ళుగా అడిగినవాళ్ళ ఇంటా అడగనివాళ్ళ ఇంటా ప్రార్థన చేసిన నోరు నాది. మాట రాలేదు. ఎస్తేరే చేసింది. "ప్రభువా, మా రాహేలు పెట్టిన అన్నం," అని అక్కడితో ఆపింది. తిన్నాం. మెతుకు వదల్లేదు. పరోటాలు జయకే ఇచ్చాం. ఆకులో చుట్టిన దోసకాయ వాడిపోయి నా సంచిలోనే ఉండిపోయింది.

సమాధుల తోట రైలు కట్టకు అవతల. రాహేలు పేరు వ్రాసిన చెక్క సిలువ ఇంకా కొత్తగానే ఉంది. మట్టి పగుళ్ళిచ్చింది. అక్కడ నిలబడితే నాకు సువార్తలోని ఆ స్త్రీ గుర్తుకు వచ్చింది. విలువైన అత్తరు బుడ్డి పగలగొట్టి ప్రభువు మీద పోసేసిన స్త్రీ. చుట్టూ ఉన్నవాళ్ళు దండుగ అన్నారు, అమ్మి పేదలకు ఇవ్వచ్చుగా అన్నారు. ఈ భాగం నేను ఎన్ని కూటాల్లో చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఆ స్త్రీ పక్కనే నిలబడ్డాననుకున్నాను. రాహేలు రమ్మన్నప్పుడు దారి ఖర్చు దండుగ అనుకున్న నేను, దండుగ అన్నవాళ్ళలోనే ఉన్నానని కోవిల్‌పట్టిలో తెలిసింది.

తిరుగు రైలు సాయంత్రానికి గాని లేదు. ఎస్తేరు నా చేతిలోని చీటీలు చూసి, "అక్కా, ఇట్లే పోదామా?" అంది. జయ బస్టాండు దాకా వచ్చి, రాహేలు చెప్పిన బస్సు చూపించింది. ఒంటిగంటన్నరకు ఎక్కాం. కండక్టరు అడగకుండానే రెండు సున్నా చీటీలు చించి ఇచ్చాడు. పల్లెలన్నీ తిరుగుతూ, ప్రతి వేపచెట్టు కిందా ఆగుతూ పోయింది. బాణసంచా ఫ్యాక్టరీలో పని ముగించుకున్న ఆడవాళ్ళు ఎక్కారు, దిగారు. మధ్యలో ఒకసారి దిగి, అరగంట ఎండలో నిలబడి, ఇంకో బస్సు ఎక్కాం. మూడున్నర దాటాక సాత్తూరు.

బస్టాండులో దోసకాయలమ్మే ఆడవాళ్ళు నలుగురు ఉన్నారు. అందరినీ అడిగాను. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ముక్కుపుడక లేదు, తల తిరిగి కూర్చుంటే ఎవరైనా నీళ్ళిచ్చారా అని. ముగ్గురు తెలియదన్నారు. నాలుగో ఆమె, వయసు మళ్ళినామె, "రోజూ ఎవరో ఒకరికి ఇస్తానే ఉంటాను తాయీ. ముఖాలు ఎవరు చూసినారు," అంది. ఆమే అయి ఉంటుందని నేను అనుకున్నాను. దోసకాయలు కొని, చిల్లర వద్దన్నాను. ఆమె ఊరుకోలేదు, చిల్లరకు ఇంకో రెండు కాయలు నా సంచిలో వేసింది.

అక్కడి నుంచి విరుదునగర్‌కు రెండు బస్సులు. రెంటిలోనూ సున్నా చీటీలే. ఎస్తేరు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

సహోదరీలారా, మీరు శ్రమకాలంలో ఖర్చు మానండి. నేను వద్దనను. వచ్చే ఏడాది నేనూ మానతాను. ఒక్కటి మాత్రం చెప్పగలను, ఎవరైనా ఊరికే రమ్మంటే వెళ్ళండి. నా ఫోనుకు మరునాడే డబ్బు కట్టాను. అది మోగితే చేస్తున్న పని వదిలేసి తీస్తున్నాను. రాహేలు నన్ను క్షమించింది, ఆ రెండు చీటీల వల్ల నాకది తెలుసు. దేవుడు ఆ నలభై రోజులను నా దగ్గర నుంచి కానుకగా తీసుకున్నాడో లేదో తెలియదు. ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు పల్లె బస్సుల్లో మారుతూ వస్తే ఆడవాళ్ళకు ఏమీ ఖర్చు కాదు. ఒంటిగంటన్నరకు బయలుదేరినవాళ్ళం ఐదున్నరకు ఇల్లు చేరాం. పట్టేది నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు, నలభై రోజుల్లో ఏ రోజైనా, నా దగ్గర ఉన్నాయి.