లుబుంబాషి పొగగొట్టం

ఇవాళ పిస్కాటవే ఆఫీస్‌లో, కొత్త కొలీగ్ క్లేర్ ఫోన్‌లో ఒక పొగగొట్టం ఫోటో చూసి ఎగిరి గంతేశాను. మా లుబుంబాషి! కాంగోలో రాగి కోసం బెల్జియం వాళ్ళు కట్టిన ఊరు. నాన్న ఉద్యోగం వల్ల నా బాల్యమంతా అక్కడే. గుర్తుందా ఫ్రెండ్స్, మీరంతా రెండు కొండల మధ్య సూర్యుణ్ణి గీసిన వయసు? నేను వరండాలో కూర్చుని ఆ ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని గీసేదాన్ని.

"సాయంత్రం ఆ పొగ ఎంత బ్యూటిఫుల్‌గా ఉండేదో!" అన్నాను.

అదే ఊళ్ళో పుట్టి పెరిగిన కాంగో అమ్మాయి క్లేర్ నవ్వింది. "మీది తెల్లవాళ్ళు కట్టుకున్న వైపు. గాలి మా వైపు వీచేది. అమ్మ ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతికేది. తమ్ముడు దగ్గుతూనే నిద్రపోయేవాడు."



ఇంటికొచ్చి, అమ్మ దాచిన నా బొమ్మలు తీశాను. అన్నిట్లోనూ పొగ మా ఇంటికి దూరంగా, క్లేర్ వాళ్ళ వైపే పోతోంది. గాలి వాలు అంత సరిగ్గా గీసినదాన్ని, అటువైపు ఒక్క ఇల్లు కూడా గీయలేదు.