మామయ్య ఆకాశానికి పాత వెర్షన్

చుక్కల హాలులో, అంటే నక్షత్రశాలలో, గుండ్రటి కప్పు మీద పట్టపగలే చీకటి పడుతుంది. ఆ చీకటిని పరిచేదీ, మళ్లీ మడత పెట్టేదీ పిచ్చుక. మనిషి సన్నం, నడక గెంతులు, నోరు మాత్రం గద్దది. కంప్యూటరు కోసం ఆమె రాసిన పనిముట్టు ప్రోగ్రాము కూడా అలాంటి బక్కదే. దాన్ని ఎక్కించాక కంప్యూటరు బరువు కాస్త తగ్గిందని హాలంతా చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది కూడా ఆమే.

పనిముట్టుకు ఒక్క మాట చెబితే చాలు. 'చుక్కలు' అని కొడితే బొమ్మలన్నీ పోగుచేసి, దీపాలార్పి, ఆకాశం తెరిచేది. దానికి ఇంకో విద్య కూడా వచ్చు. కంప్యూటరు భాషకు పాత వెర్షన్లూ కొత్త వెర్షన్లూ ఉంటాయి కదా, ఏ ప్రోగ్రాముకు ఏది పడుతుందో దాన్నే నిద్రలేపుతుంది. ఆ సంగతి ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులో రాసి ఉంటే సరే. లేకపోతే పై ఫోల్డరును అడుగుతుంది, అక్కడా లేకపోతే ఆ పైదాన్ని. అమ్మ కాదంటే అమ్మమ్మ దగ్గరికి పోయే పిల్లలాగా.

హాలులో వెలిగే ఆకాశం మాత్రం మామయ్యది, అంటే పిచ్చుక తల్లి తమ్ముడిది. వయసులో ఉన్నప్పుడు, ఈనాడు ఆమె కూర్చునే కుర్చీలోనే కూర్చుని, ఒక్కో చుక్కనూ చేత్తో దిద్దినట్టు ఆ ప్రోగ్రాము రాశాడు. ఇప్పుడు చూపు మసకబారి ఇంటిపట్టున ఉంటున్నాడు. పాతది ముసలిదైపోయింది, కొత్త ఆకాశం తెప్పిద్దామని మేనేజరు పట్టుబట్టాడు. పిచ్చుక బతిమాలగా మెత్తబడి, హాలుకు కొత్తగా వచ్చిన కంప్యూటరు మీద సరిగ్గా నడిస్తే ఉంచుతాననీ, తప్పితే తీసేస్తాననీ అన్నాడు. ఆమె సరేనని ఊరుకోకుండా, కావాలంటే సూర్యుణ్ణి పడమట పొడిపిస్తానని కూడా కోతలు కోసింది. మామయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టింది.

'చుక్కలు' అని కొట్టింది. చీకటి పడింది, చుక్కలు పొడిచాయి. కాసేపటికి ఒక్కొక్కటే జారడం మొదలుపెట్టాయి, తడిగోడ మీద నీటిబొట్లలా, తొందరేమీ లేకుండా. సప్తర్షులు జట్టు విడిచి ఎవరి దారిన వాళ్లు బయలుదేరారు. ఎన్నడూ కదలని ధ్రువ నక్షత్రం తలుపు వైపు నడిచింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. గద్ద నోరు మూసుకుని పిచ్చుక మామయ్య దగ్గరికి గెంతింది.

"మామయ్యా, నీ ఫోల్డరులో వెర్షన్ సంగతి ఎక్కడ రాశావు?"

"ఎందుకు రాస్తానే? అప్పుడున్నదే ఒక్కటి. ఇంట్లో ఒక్కడే కొడుకైతే పెద్దోడా, చిన్నోడా అని పిలుస్తారా ఎవరైనా?"

అప్పుడు పిచ్చుకకు వెలిగింది. కొత్త వెర్షన్ ఎలా ఉందో చూద్దామని, దాన్నే వాడమని అన్నిటికన్నా పై ఫోల్డరులో పొద్దున తానే రాసి మరిచిపోయింది. పిల్ల వెళ్లి అమ్మమ్మను అడిగింది, అమ్మమ్మ కొత్తది చేతిలో పెట్టింది. పాత వెర్షన్ భాగహారంలో మిగిలిన ముక్కలను, అంటే దశాంశాలను, పారేసేది. మామయ్య లెక్కలన్నీ ఆ అలవాటు మీదే నిలబడ్డాయి. కొత్తది గీకి గీకి ఒక్క ముక్కా వదలదు. ఆ ముక్కల బరువుకే చుక్కలు ఒరిగాయి.

మామయ్య ఫోల్డరులో పాత వెర్షన్ రాసి మళ్లీ కొట్టింది. ఈసారి చుక్కలు మేకులు దిగ్గొట్టినట్టు ఎక్కడివక్కడ నిలిచాయి. మేనేజరు మెడ పట్టేసేదాకా చూసి, ఇక ఇదే ఉండనివ్వమని చెప్పి వెళ్లిపోయాడు. పిచ్చుకకు పోయిన నోరు తిరిగొచ్చింది. పడమటి సూర్యుడు రేపటికి వాయిదా అని వెనక నుంచి కేకేసింది.

మామయ్య మాత్రం ఇంకా తలుపు వైపే చూస్తున్నాడు.

"బాగాలేదా మామయ్యా?"

"బాగానే ఉండుంటుంది. నిలబడ్డవి నా కంటికి ఆనవే, పిచ్చుకా. ఇందాకటివి కనబడ్డాయి. కదిలాయి కదా."

ఆమె తిరిగి తన కుర్చీలో కూర్చుంది. తర్వాత పనిముట్టుకు ఇంకో మాట నేర్పింది: 'మామయ్య'. అదే ఆకాశం, కొత్త వెర్షన్‌తో.

ఇప్పుడు ఆట ముగిసి జనం వెళ్లాక, ఆమె ఆయన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టి ఆ మాట కొడుతుంది. ధ్రువ నక్షత్రం బద్ధకంగా లేచి తలుపు వైపు బయలుదేరుతుంది. మొదటి వరసలో మామయ్య తల మెల్లగా తిప్పుతూ, వాకిలి దాకా దాన్ని సాగనంపుతాడు.