దీపాలు ఎలిగినాయా పాపా?

గుత్తిలో నాకు ఫోటోలు తీయడం నేర్పిన స్టూడియో సార్ పోయారని మొన్న దీపాలు పెట్టే వేళ ఫోను వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు కిటికీలోంచి ఆకాశం చూశాను. ఆయన నేర్పిన అలవాటది.

పోయినవాళ్ళు మంచివాళ్ళని రాయాలంటారు. మా సార్ నోరు మంచిది కాదు. నేను తీసిన మొదటి పెళ్ళి ఫోటోలు చూసి, "పెండ్లికూతురు ఎందుకు బెదిరిపోయినాది? నిన్ను చూసేనా?" అన్నారు, కస్టమర్ల ముందే. ఒకసారి మొహమాటానికి ఆయన తీసిన ఫోటో ఒకటి బాగుందన్నాను. "ఫోటో కాడ అబద్ధమాడేదుంటే కెమెరా ఈడ పెట్టి పో పాపా" అన్నారు. ఆ మాట ఎముకల్లో దిగింది.

ఆయనకొకటే పిచ్చి. సాయంత్రం బేరాల్లేకపోతే షట్టరు దించి కోట ఎక్కేవారు. పైనుంచి గుత్తి ఊరంతా తీయాలి. ఆకాశంలో రంగు పోకుండానే ఊళ్ళో దీపాలు వెలగాలి. రెండూ కలిసుండేది కాసేపే. ఆ కాసేపట్లోనే కరెంటు పోయేది, లేదా బీడు చేలమీంచి దుమ్ము లేచి ఊరిని కప్పేసేది, లేదా మబ్బు అడ్డమొచ్చేది. "చేన్ల మీదికి పోయి సావు, ఈడేం పని నీకు?" అని మబ్బును తిట్టేవారు. వానకు మొహం వాచిన మా సీమలో మబ్బును తిట్టిన మనిషిని ఇంకొకరిని చూడలేదు.

తర్వాత షుగరు ఆయన కళ్ళు తినేసింది. ఎదుటి మనిషిని గొంతును బట్టి పోల్చుకునే రోజుల్లో, "ఒక్క తూరి కోటెక్కించు" అన్నారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆ సాయంత్రం దుమ్ము లేదు, మబ్బు లేదు, కరెంటు పోలేదు. ఇన్నేళ్ళూ ఏడిపించిన వెలుతురు ఆయనకు చూపు పోయాక వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"దీపాలు ఎలిగినాయా పాపా?"

"ఎలిగినాయి సార్."

"ఆకాశం?"

"ఇంకా ఉండాది."

ఫోకస్ ఆయనే తిప్పుకున్నారు. నన్ను చెయ్యి పెట్టనీయలేదు. నొక్కి, కెమెరా నా చేతికిచ్చి, "ఎట్లుండాది?" అన్నారు.

తెర మీద ఊరు లేదు, అలుక్కుపోయిన పసుపు మరకలున్నాయి. బాగుందనే మాట నాలిక దాకా వచ్చింది.

"ఫోకస్ పోయినాది సార్."

తిట్టలేదు. "నాకాడ బాగానే నేర్చుకున్యావు" అన్నారు. అన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

"ఇంకొకటి తీయండి సార్, ఆకాశం ఇంకా ఉండాది" అని బతిమాలాను. తల అడ్డంగా ఊపి, కెమెరా సంచిలో పెట్టమన్నారు. మళ్ళీ కోట ఎక్కలేదు.

నిన్న సాయంత్రం నేను వెళ్ళేసరికి వాళ్ళింటి ముందు సంతాపం ఫ్లెక్సీ కట్టి ఉంది. వెనక బొమ్మగా కోట మీద తీసిన ఆ ఫోటోనే వేశారు. దాని మధ్యలో పూలదండతో సార్ మొహం, మీసం వెంట్రుకలతో సహా స్పష్టంగా. పలకరించడానికి వచ్చిన ఒకాయన, "ఎనకాలంతా బలే మసక చేసినారప్పా, మనిషి ఎంత బాగా కనపడతాండాడో" అని మెచ్చుకుంటున్నాడు.

సార్ భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఆయప్ప కడసారి తీసింది ఇదే అంట గదమ్మా. కెమెరాలో ఉంటే ఏయించినాం. బాగుండాదా?"

"బాగుండాదక్కా" అన్నాను, ఫ్లెక్సీ వైపు చూడకుండా.

అప్పుడే వీధి దీపాలు వెలిగాయి. కోట మీద ఆకాశంలో రంగు ఇంకా పోలేదు.