ఆరో గుంతలో పలుగురాయి

పెనుకొండలో మాది ఇనుప సామాన్ల అంగడి. గడ్డపార మొన చూసి దాని యజమాని ఏ పని చేస్తాడో చెప్పగలను. రసూల్ గడ్డపార మాత్రం ఎప్పుడూ కొత్తదానిలా ఉండేది. అతను ఖబరస్తాన్‌లో సమాధులకు గుంతలు తవ్వేవాడు. “మనిషి కోసం తవ్వేది గదన్నా, మొండి మొనతో పొడిస్తే మర్యాదగా ఉండదు” అని నెలకోసారి మొన సరిచేయించుకుని పోయేవాడు.

రసూల్‌కు ఒక నియమం ఉండేది. పేరు చెప్పందే గడ్డపార ఎత్తడు. చావు కబురు వచ్చాక ఆ ఇంటికి పోయి, వేపకర్రతో మనిషి పొడవు కొలిచి, గాటు పెట్టి, ఆ కర్ర పట్టుకునే ఖబరస్తాన్‌కు పోయేవాడు. పని అయ్యాక కర్రను రెండుగా విరిచి ఆ మట్టిలోనే కప్పేసేవాడు. కొలత కర్ర మిగిలితే అది ఇంకొకరిని వెతుక్కుంటుందట. పేరు లేకుండా తవ్విన గుంత కూడా అంతేనట. “గుంత ఖాళీగా ఉండదన్నా. దాని మనిషిని అదే పిల్చుకుంటాది” అనేవాడు. దెయ్యాలన్నా దిష్టన్నా నాకు ఒళ్లు మంట. అంగడి ముందు నిమ్మకాయ కూడా కట్టనివ్వను. అందుకని నవ్వి ఊరుకునేవాణ్ణి.

అతని భార్య మైమూనా. పెళ్లినాడు పక్కపక్కన నిలబెడితే ఇద్దరి తలలూ సమానంగా వచ్చాయని, ఒకే తానులో ముక్కలని ఆడవాళ్లు ఏడిపించారట. పిల్లలు లేరు. ఆమెకు చిన్న దగ్గు వచ్చినా రసూల్‌కు అన్నం దిగేది కాదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో రోజుకు ఇద్దరు ముగ్గురు పోతుంటే, ఖబరస్తాన్ కమిటీ పెద్ద అన్వర్ సాబ్ అతన్ని పిలిపించాడు. “ముందుగా ఆరు గుంతలు తీసిపెట్టప్పా. వచ్చినోళ్లను ఎండలో నిలబెట్టలేము” అన్నాడు. రసూల్ రెండు రోజులు ససేమిరా అన్నాడు. మూడో రోజు ఒప్పుకున్నాడు. కొలవడానికి మనిషి లేడు కాబట్టి కంటి అంచనాతోనే తీశాడు. ఐదు గుంతలు పూర్తయ్యాయి. ఆరోదానిలో మూడున్నర అడుగులు దిగాక గడ్డపార ఖంగుమంది. నిప్పురవ్వలు లేచాయి. చేత్తో మట్టి తుడిచి చూశాడు. కింద తెల్లగా, తల ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి, శవానికి కప్పే కఫన్ గుడ్డ చుట్టి పడుకోబెట్టినట్టు ఒక ఆకారం. భుజాల దగ్గర వెడల్పు, పాదాల దగ్గర సన్నం. పట్టపగలు. గుంతలోంచి ఎట్లా పైకొచ్చాడో అతనికే తెలియదు.

అది పలుగురాయి. మా చేలల్లో అడుగుకొకటి దొరుకుతుంది. నున్నగా తేలితే స్ఫటికమని మెళ్లో వేసుకుంటారు, కవులైతే మంచివాడి మనసును దానితో పోలుస్తారు. నాగలికి తగిలితే మాత్రం దాన్నే నానా బూతులూ తిడతారు. ఆ మాటే రసూల్‌తో అన్నాను.

“రాయేలే అన్నా, నాకు తెలీదా? కానీ పండుకోనుండాది” అన్నాడు.

ఆ సాయంత్రం అతను ఇంటికి పోయేసరికి మైమూనా గడపలో నిలబడి ఉంది. ఆమెను కింద నుంచి పైదాకా చూసి అక్కడే కూలబడిపోయాడట. కంటి అంచనా ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది అతనికి. ముప్పై ఏళ్లుగా కళ్లముందు తిరిగే మనిషి పొడవుకే ఆ గుంత తీశాడు.

ఐదు గుంతలూ మూడు రోజుల్లో నిండిపోయాయి. ఆరోదాన్ని మరునాడే మట్టితో పూడ్చేశాడు. తొలి వానకు మట్టి కుంగింది. మళ్లీ పూడ్చాడు. మళ్లీ కుంగింది. మూడేళ్లు అదే వరస. ప్రతి వానకూ అదే పొడవు, అదే వెడల్పు. మైమూనా తుమ్మినా బస్సెక్కించి హిందూపురం ఆస్పత్రికి తీసుకుపోయేవాడు. బావి దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. “నాకేమొచ్చిందని ఈ మనిషి నన్నిట్ల సంపుతాండాడు?” అని ఆమె మా అంగడికొచ్చి మొత్తుకునేది. కారణం ఆమెకు చెప్పలేదతను. నాకు చెప్పి, చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

ఒకసారి కోపం పట్టలేక, ఆ గుంత సంగతేమిటో చూద్దామని నేనే పోయాను. పొద్దున పదకొండు గంటలు. చుట్టూ మోకాలెత్తు గడ్డి. ఆ మేర మాత్రం ఒక్క పరక లేదు. మనిషి పడుకుని అప్పుడే లేచిపోయిన పరుపులా నేల కుంగి ఉంది. చెమట పట్టింది. ఎండకేనని సర్దిచెప్పుకున్నాను గానీ, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

మా అమ్మాయి హారిక అనంతపురంలో భూగర్భశాస్త్రం చదువుతోంది. పోయిన ఏడాది ప్రాజెక్టు పనని సుత్తి పట్టుకుని, కొండ మీద నుంచి, బండలో తెల్లటి గీతలా సాగే పలుగురాతి చాలు వెంట దిగుతూ వచ్చి ఖబరస్తాన్ గోడ దగ్గర ఆగింది. లోపల గడ్డి కోస్తున్న రసూల్‌ను పిలిచింది.

“మామా, ఈ చాలు గోడ కింద లోపలికి పోయింది. ఆ కానుగ చెట్టు పక్కన తవ్వితే మూడు నాలుగడుగుల్లో తగలాల.”

రసూల్ చేతిలో కొడవలి జారిపోయింది. ఆ చోటు సరిగ్గా ఆరో గుంత. హారిక ఏనాడూ ఆ గోడ లోపల అడుగు పెట్టలేదు.

అతని ముఖం చూసి భయపడి అమ్మాయి అతన్ని అంగడికి తీసుకొచ్చింది. సంగతంతా విని, ఓపికగా చెప్పింది. “కోట్ల ఏండ్ల కిందట బండ నెర్రె ఇచ్చింది మామా. అడుగు నుంచి సలసల కాగే నీళ్లు ఆ నెర్రెలోకి వచ్చినాయి. నీళ్లలో కరిగుండేది కొంచెం కొంచెం పేరుకొని పలుగురాయి అయింది. దాని పక్కన బండ మెత్తబడింటాది. వాన నీళ్లు ఆడనే దిగి మట్టిని లాక్కుపోతాయి. అందుకే కుంగుతాంది.”

“అంటే ముందు అది ఖాళీ నెర్రె.”

“అవును మామా.”

“ఎవరూ పూడ్చకుండా అదే పూడింది.”

“అవును.”

రసూల్ భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, “అట్లయితే ఆ గుంత ఎప్పుడో నిండిపోయిందన్నమాట. దానికి ఇంగ మనిషితో పనిలే” అన్నాడు. మూడేళ్ల తర్వాత అతని ముఖంలో నవ్వు చూశాను.

హారిక అంతటితో ఊరుకోకుండా రెండు పలుగురాళ్లు తీసుకుని మమ్మల్ని వెనక గోదాములోకి పిలిచింది. కిటికీ లేని గది. తలుపు మూసి, రాయి మీద రాయి గట్టిగా రుద్దింది. పైన కాదు, రాయి లోపల వెలుగు పుట్టింది. నారింజ రంగు వెలుగు. కాలిన వాసన వచ్చింది. “రాపిడి పడితే వెలుగుతాది మామా. నీ చేతి గడియారంలో కూడా ఇదే ముక్క. కరెంటు తగిలితే అదుర్తా ఉంటాది. ఆ అదురే టైము” అంది.

రసూల్ గడియారం చెవికి ఆనించుకున్నాడు. “అయితే ఆడ పండుకున్నోడు కదుల్తానే ఉండాడా పాపా?”

హారిక నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత వాన పడి గుంత కుంగినా రసూల్ పట్టించుకోలేదు. “ఇన్నేండ్లకు కడుపునిండా తింటాండాడన్నా” అని మైమూనా చెప్పి పోయింది. ఈ ఏడు వానాకాలం మొదట్లో, పొద్దున్నే ఇంటి ముందు కూర్చుని వేపకర్ర చెక్కుతూ చెక్కుతూ పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఆ రోజు ఊళ్లో ఏ చావు కబురూ లేదు. కర్ర ఎవరి కోసం చెక్కుతున్నాడని మైమూనాను అడిగాను. “అడిగితే ఊరికేలే అన్నాడన్నా” అంది.

గుంత తీయడానికి హిందూపురం నుంచి వేరేవాణ్ణి పిలిపించారు. కొలత ఎంతని అడిగాడతను. అప్పటికే కఫన్ చుట్టేశారు, దానికి కర్ర ఆనించడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఊరంతటినీ కొలిచినవాణ్ణి ఎవరూ కొలవలేదు. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటుంటే, మైమూనా లేచి వచ్చి గడపకు వీపు ఆనించి నిలబడింది.

“ఆయన కొలతా నా కొలతా ఒకటే. కర్ర నాకానించి గాటు పెట్టన్నా” అంది నాతో.

రసూల్ చెక్కిన కర్ర మీదే గాటు పెట్టాను.

ఆరో గుంత దగ్గర కాకుండా వేరే వరసలో మట్టి చేశారు. అందరూ వెళ్లాక కర్ర నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని విరవాలని కొత్తవాడికి తెలియదు. కానుగ చెట్టు పక్కకు పోయి, కుంగిన ఆ గుంతలో పొడవునా ఆనించి చూశాను. అటు ఒక వేలు మిగల్లేదు, ఇటు ఒక వేలు మిగల్లేదు. వెర్రివాడు, కంటి అంచనా అంటే భార్యే గుర్తొచ్చింది గానీ తనూ అంతే ఉన్నానని తోచలేదు. దుఃఖం ఆగలేదు నాకు. కర్ర విరిచి ఒక ముక్క రసూల్ మట్టిలోనూ, ఒక ముక్క ఆ గుంతలోనూ వేసి, దోసిళ్లతో పూడ్చాను.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక మైమూనా నన్ను పక్కకు పిలిచింది.

“ఆ గుంత నా కొలతని ఆయన భయపడ్డాడు. నాకు మొదటి నుంచీ తెలుసన్నా, నిద్దట్లో కలవరించేవాడు. తెలీనట్టే నీ దగ్గర మొత్తుకునేదాన్ని. అది నాదే అయితే బాగుండేది.”

అప్పటికి మూడు పెద్ద వానలు పడ్డాయి. అంగడి తెరిచే ముందు రోజూ గోడ మీంచి చూసి వస్తున్నాను. గుంత కుంగలేదు.