కాఫీ పొట్లాల వెనక పాట

ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉండడమంటే, అరకులో ఆ రోజుల్లో రెండు కార్లు ఉన్నంత గొప్ప. మాకు కారు లేదు గానీ ముందుగదిలో నాన్న కంప్యూటరు, వెనకగదిలో నాది ఉండేవి. (నాదంటే, విశాఖలో ఎవరో వదిలించుకుంటే, కంప్యూటరు కోర్సు ముగించుకుని వస్తూ రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నది.) లేజర్ ప్రింటరు మాత్రం ఒక్కటే. నలుపు తప్ప మరో రంగు ఎరగనిది, ఒకసారికి ఒక వైపే అచ్చువేసేది. రిటైరైన మాస్టారూ, చర్చి పెద్దా అయిన నాన్న ఆదివారం పాటల కాగితాలు దానిమీదే తీసేవారు. నేను పైకప్పు దూలాల మీదుగా నీలం కేబులు లాగి, వెనకగదిలో నొక్కితే ముందుగదిలో కాగితం వచ్చేలా చేశాను. అమ్మ రెండు గదుల మధ్యా తిరిగి చూసి, "మళ్లీ నువ్వే ఎల్లి తెచ్చుకోవాల కదే, ఇందులో సుకం ఏటి?" అంది. నా కోర్సులో దానికి సమాధానం చెప్పలేదు.

ఇంట్లోనే అచ్చు పనులు చేసుకుంటానంటే నాన్నకి నమ్మకం కుదరలేదు. "వానలు తగ్గేదాకా చూద్దాం. కాకపోతే విశాఖలో ఉద్యోగం చూసుకుందువు గాని" అన్నారు. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అనంతగిరి వైపు కొండ మీది ఊరి నుంచి ఆడవాళ్ల సంఘం వచ్చింది. తాము పండించి, వేయించి, పొడి కొట్టిన కాఫీని విశాఖలో ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తున్నారట. పొడి పోసిన ప్లాస్టిక్ కవర్ల మూతికి కట్టడానికి పేరు రాసిన చీటీలు కావాలి. తెల్లవారితే బస్సు. వాళ్లకి పెద్ద, ముక్కుకి మూడు పుడకలున్న పెద్దమ్మ, "బేగి అయిపోద్దా గుంటా?" అని అడిగింది.

"ఒక్క నొక్కుడే పెద్దమ్మా" అన్నాను.

నొక్కాను. ముందుగదిలో చప్పుడు లేదు. వెళ్లి చూస్తే ప్రింటరు పచ్చదీపం నిశ్చింతగా వెలుగుతోంది. వచ్చి మళ్లీ నొక్కాను. కేబులు చివర్లు పీకి పెట్టాను. ఎలుక కొరికిందేమోనని బల్ల మీద స్టూలు వేసుకుని దూలాలన్నీ తడిమి, బూజు నెత్తిన వేసుకుని దిగి, మళ్లీ నొక్కాను. వరండాలోంచి ఆడవాళ్లు తొంగి చూశారు. "కరెంటు సాలట్లేదేటి?" అంది పెద్దమ్మ జాలిగా. ఆ జాలికే నాకు ఏడుపొచ్చింది. విశాఖ బస్సులో వీళ్ల పక్క సీటు నాకే అనుకున్నాను.

పాట ప్రాక్టీసు ముగించుకుని నాన్న వచ్చారు. బూజుతో నిలబడ్డ నన్ను చూసి తువ్వాలు అందించి, తన కంప్యూటరు ఆన్ చేశారు. కాసేపటికి ప్రింటరు ఒళ్లు విరుచుకుని కాగితం మీద కాగితం కక్కడం మొదలెట్టింది.

"ఓలమ్మో, నేనేటీ ముట్టుకోలేదే!" అంటూ నాన్న చేతులు పైకెత్తేశారు.

జరిగింది ఇదీ: ఉరుములకి భయపడి నాన్న వెళ్తూ వెళ్తూ తన కంప్యూటరు ఆపేశారు. ప్రింటరు తగిలించి ఉన్నది దానికే, అది ఆగితే నా ప్రింటు దాటదు. (కోర్సులో ఇది మాత్రం చెప్పారు. నల్లటి తెర చూసి నిద్రపోతోందనుకున్నాను.) నేను నొక్కిన నొక్కుళ్లన్నీ వరసలో నిలబడి, ఇప్పుడు ఒక్కసారే బయటపడ్డాయి. అంతకన్నా ఘోరం, ట్రేలో ఉన్నవి తెల్లకాగితాలు కావు. నాన్న తాను స్వయంగా రాసిన పాట ఒకవైపు అచ్చువేసి, రెండోవైపు కోసం తిప్పి పెట్టుకున్నవి. ఆయన ఒక్కో కాగితం తిప్పి చూస్తుంటే ముఖం చిన్నదైపోయింది. ఊళ్లో కాగితాల కొట్టు అప్పటికే మూసేశారు.

పెద్దమ్మ ఒకటి అందుకుని అటూ ఇటూ తిప్పింది. "ఎనకాల దేవుడి పాటుంటే తప్పేటి బాబూ? మా కాపీ పొడికి మంచిదే." ఇక అందరం కూర్చుని కత్తిరించాం. కాగితానికి నాలుగు చీటీలు, చీటీకి పావు పాట. నాన్న కూడా కత్తెర పట్టారు, తన చరణాలు మధ్యలో తెగుతుంటే నిట్టూరుస్తూ. మర్నాడు ఆదివారం, చర్చిలో కాగితాలు లేకుండానే పాడారు. ఎప్పటికన్నా గట్టిగానే పాడారు.

ఎగ్జిబిషన్ అయ్యాక పెద్దమ్మ నవ్వుకుంటూ వచ్చింది. "ఒకామె పొట్లాలన్నీ ఎనక్కి తిప్పి ఎతికింది బాబూ. పాట సగంలో ఆగిపోనాది, మిగతా ముక్క కావాలని నాలుగు పొట్లాలు కొనీసింది. రాసిందెవులని అడిగింది."

నాన్న కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆ తర్వాత మా ఇంట్లో విశాఖ ఉద్యోగం మాట రాలేదు. బదులుగా కొత్త అలవాటొకటి వచ్చింది. బయటికెళ్లే ముందు ఆయన ముందుగది నుంచి, "ఆపేస్తన్నానమ్మా, నీ పనేటైనా ఉందా?" అని కేకేసేవారు. "ఉండండి నాన్నా!" అని నేను వెనక నుంచి అరిచేదాన్ని.

ఇప్పుడు నా అచ్చు షాపులో ప్రింటరుకి తీగ లేదు, ఎవరి ఫోన్లోంచి నొక్కినా పలుకుతుంది. అయినా షాపు కట్టేసే ముందు లోపలికి తిరిగి, "ఆపేస్తున్నా!" అని కేకేస్తాను. "నువ్వు ఆపితే మాకేంటమ్మా?" అని నా పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అయినా ఓ క్షణం ఆగి, అప్పుడు స్విచ్చి నొక్కుతాను.